ఫిజీలో వినబడిన మన మాట

లంబాసా, ఫిజీ

మామ్మా,

నేను కులాసా. చెల్లి సుప్రియ ఈ కార్డు చదువుతుంటే మధ్యలో లేచి వెళ్లిపోకు.

ఇక్కడా మన తుమ్మపాలలాగే ఎటు చూసినా చెరుకే. చర్చి పని మీద రోజంతా ఇల్లిల్లూ తిరుగుతాం. నాకు జోడీగా వేసిన టోంగా దేశపు కుర్రాడు నన్ను వదిలి గుమ్మం దాటడు. అయినా మాట్లాడే మనిషి లేనట్టే ఉంటుంది. ఈ పని చేసేవాళ్లని ఎల్డర్ అంటారు, అందరికీ నేను 'ఎల్డర్ మళ్ల'నే. ఇంటిపేరే గాని నా పేరు పెట్టి ఎవరూ పిలవరు.

మొన్న ఒక ముసలావిడ టీ ఇచ్చింది. మా చర్చి నియమం ప్రకారం టీ తాగకూడదు కదా, వద్దన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. మాది అనకాపల్లి అనగానే దగ్గరికి జరిగింది. వాళ్ల నానమ్మ చెరుకు కొట్టే పనికి మనవైపు నుంచే ఓడెక్కి వచ్చిందట. ఆవిడకు హిందీయే గాని తెలుగు రాదు. నానమ్మ రోజూ అనే ఒక్క మాట గుర్తుంది, అర్థం చెప్పమంది.

"బువ్వ తిన్నావేటి?"

అచ్చం నీ యాసే మామ్మా. అర్థం చెప్పాక ఆవిడ లేచి మా ఇద్దరికీ అన్నం పెట్టింది.

నీ మోకాలు ఎలా ఉంది? అయ్యప్ప బాబాయి బెల్లం వంట మొదలెట్టాడా? అతనికి నా దండాలు.

మతం మారానని నీకింకా కోపమట, నా ఫోనొస్తే వీధిలోకి వెళ్లిపోతున్నావట. ఎప్పట్లాగే సోమవారం చేస్తాను. కోపం అలాగే ఉంచుకో. ఫోనందుకుని ఆ ఒక్క మాట అడుగు, చాలు.

నీ దేవిగాడు