వెనక సీటు పక్కన ఫ్యాను

మహబూబాబాద్

చెల్లె మనీషా,

నేను ఆశపడ్డవన్నీ ముందు నీ ఇంటికే ఎందుకొస్తాయి? ఏళ్లుగా ఉన్న ఈ ప్రశ్న ఫోన్‌లో అడగలేక రాస్తున్నాను.

నువ్వు భూపాలపల్లి నుంచి రాలేనంటే, నువ్వు కొనబోయే పాత హైబ్రిడ్ కారును జనగామలో నేనే మెకానిక్ నవాజ్‌కు చూపించాను. అమ్మేది పత్తి వ్యాపారి. వెనక సీటు పక్కన, బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను నిండా పత్తి నూగే.

“గీ బండ్లకు గిదే బీమారి. సాఫ్ చేసిన. బ్యాటరీ ఇప్పుడైతే మంచిగుంది, ఎండాకాలం సంగతి నేను చెప్పలేనక్కా. బండి నీకేనా?” అన్నాడు నవాజ్.

అవునన్నాను. ఊరి చివరిదాకా నడిపాను కూడా. చప్పుడే లేదు.

ఇప్పుడు నీకు కొనొద్దని రాయాలనిపిస్తోంది. నా భయం బ్యాటరీ గురించో, నువ్వు ఆ కారులో మా వాకిట్లో దిగుతావనో తేల్చుకోలేకపోతున్నాను.

నీ అక్క