పార పట్టింది ఎవరు?

యసుహికో,

టౌన్ ఆఫీసు తరఫున నువ్వు రాసిన మన షిబెరు ఊరి చరిత్ర చదివాను. అందులో మీ మామయ్య ఫోటో చూసి నా ఒళ్ళు మండిపోయింది. మంచు తుఫానులో చిక్కుకున్న రైలును స్టేషన్ మాస్టర్‌గా ఆయన ఒక్కరే కాపాడారని ఎవర్ని అడిగి రాశావు?

ఆ రోజు రైలు ఊరికి రెండు కిలోమీటర్ల అవతల మంచులో కూరుకుపోయింది. లోపల తొంభై మంది. మీ మామయ్య స్టేషన్లో పొయ్యి దగ్గర కూర్చుని, "పైనుంచి ఆర్డరు రానిదే ఎవరూ కదలొద్దు" అన్నారు. ప్లాట్‌ఫారం మీద నూడుల్స్ అమ్మే తొకివా, "మీ ఆర్డరు వచ్చేసరికి వాళ్ళు కొయ్యబారిపోతారయ్యా" అని పార అందుకుంది. ఆమె వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కదిలారు. పట్టాల వెంట మంచు తవ్వుకుంటూ వెళ్ళి అందరినీ నడిపించుకొచ్చారు. చలికి చచ్చుబడిన తొకివా వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. నేను మాత్రం ఆ రోజంతా స్టేషన్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

పతకం మాత్రం మీ మామయ్యకు వచ్చింది. యాభై ఏళ్ళు దాని దుమ్ము దులిపానే గానీ నోరు విప్పలేదు. నీ మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం. పట్టాలు కూడా పీకేసిన ఊరికి మిగిలింది చరిత్ర ఒక్కటే. అదీ అబద్ధమైతే ఎలా?

పుస్తకం విడుదల సభలో నాకు వేదిక మీద కుర్చీ వేయిస్తానన్నావు. వేయించు. అందులో తొకివా కూర్చుంటుంది. వెళ్ళి అడిగితే, "ఇన్నాళ్ళకా అక్కా!" అని చాలాసేపు ఏడ్చి, వస్తానంది. జరిగింది మైకులో నేనే చెబుతాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్ల దగ్గర ఎవరినైనా నిలబెట్టు.

మీ అత్త