రద్దు అంటే ఈరోజు నుంచి

జూన్ 4
చట్టం రద్దయింది! టీవీలో కింద ఎర్రగా అదే లైను పరుగెడుతోంది. అమ్మ టీవీకే దండం పెట్టేసింది. నర్సుల సమ్మెలో మైకు పట్టుకున్నందుకు నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన చట్టం. గేటు దాటితే అరెస్టు. లేబర్ రూమ్‌లో నిలబడి నిలబడి కాళ్ళు వాచేవి. ఇప్పుడు కూర్చుని కూర్చుని వాస్తున్నాయి.

చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళా. కాపలా కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచి మర్యాదగానే అడ్డం నిలబడ్డాడు. నాకు జీతమిచ్చేది టీవీ కాదక్కా, స్టేషన్ నుంచి చెప్పాలి అన్నాడు.

జూన్ 5
చెప్పలేదు.

జూన్ 7, మధ్యాహ్నం
లాయరు గారు వచ్చారు. స్వీట్ తెస్తారనుకున్నా. ఫైలు తెచ్చారు. చట్టం రద్దయిందమ్మా, మీ ఆర్డరు రద్దవలేదు అన్నారు.

అమ్మకి ఒళ్ళు మండింది. రైలు రద్దయితే రైలు రాదు, పెళ్ళి రద్దయితే పెళ్ళి లేదు, మరి ఇదేం రద్దండీ అని అడిగేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చట్టాన్ని రద్దు చేయడమంటే ఈరోజు నుంచి అది పనిచెయ్యదని మాత్రమేనట. బతికుండగా అది చేసిన పనులు అలాగే ఉంటాయట. కోర్టు 'మొదటి నుంచీ చెల్లదు' అంటే అది వేరే మాటట. పిటిషన్ వేద్దాం, టైం పడుతుంది అన్నారు.

అంటే నన్ను కట్టేసినవాడు చచ్చిపోయాడు. ముడి విప్పాల్సింది మాత్రం వాడేనట.

జూన్ 8
చెల్లి ఫోన్ చేసింది. పక్క వీధే, మేడ ఎక్కితే వాళ్ళ పిట్టగోడ కనిపిస్తుంది. నెలలు నిండాయి. మొదటి కాన్పు పోయిన భయం ఇంకా దాని గొంతులోనే ఉంది. నువ్వొస్తేనే కంటానక్కా అంది. బిడ్డ ఆర్డరు కోసం ఆగదే అన్నా. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఏడ్చా.

జూన్ 11, సాయంత్రం
స్టేషన్లో బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. డైరీ బ్యాగులోనే ఉండిపోయింది.

పొద్దున చెల్లి మొగుడు పరుగెత్తుకొచ్చాడు. నొప్పులు ముంచుకొచ్చాయి, అంబులెన్స్ జాడ లేదు. చేతులు కడుక్కుని బ్యాగు తీసుకున్నా. కానిస్టేబుల్ గేటు పట్టుకుని, నా ఉద్యోగం పోతుందక్కా అన్నాడు. అక్కడ ప్రాణం పోతుందయ్యా అన్నా. అతను గేటు వదల్లేదు. కానీ నేను లాగితే ఆపలేదు.

వెళ్ళేసరికి తల బయటికొచ్చింది. మెడకి పేగు చుట్టుకుని ఉంది. వేలు దూర్చి, మెల్లగా తల మీంచి తప్పించా. కాసేపు చప్పుడు లేదు. ఆ కాసేపూ చెల్లి నా మొహమే చూస్తోంది. వీపు రుద్దా, రుద్దా. కెవ్వుమంది. ఆడపిల్ల. చెల్లి బాగానే ఉంది.

బయటికొస్తే జీపు ఉంది. నేను దాటానని ఫోన్ చేసింది మన కానిస్టేబులే. తలెత్తి చూడలేదు. పాపా బాబా అని మాత్రం అడిగాడు.

జూన్ 12
స్టేషన్ రైటర్ నా మీద కేసు రాశాడు. సెక్షన్లన్నీ ఆ చట్టానివే. మధ్యలో పెన్ను ఆపి, మేడం, చట్టం 'ఉంది' అని రాయాలా, 'ఉండేది' అని రాయాలా అని నన్నే అడిగాడు.

ఉంది అనే రాయమన్నా.