తడిపిన కాయ

మార్చి 4

మర తిరిగింది. త్రీఫేజ్ కనెక్షన్ ఇవాళ్టికి ఇచ్చారు. నేనూ పక్క పొలం ఖుర్షిదా కలిసి పెట్టుకున్న మర ఇది. మొదటి కారం దోసిట్లోకి తీసుకుని ఇద్దరం తుమ్ముతూ నవ్వుకున్నాం. గుంటూరు మార్కెట్ యార్డుకి మిరపకాయ తోలితే ధర వాళ్లు చెబుతారు. పొడి కొట్టి అమ్మితే ధర మేం చెబుతాం. హైదరాబాద్ కంపెనీ ఆర్డర్ ఉంది. ఆ డబ్బుతోనే కౌలు కట్టాలి. కట్టకపోతే రెండెకరాలూ చేజారిపోతాయి.

మార్చి 9

పంటంతా పొడైంది. శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లింది.

మార్చి 17, మధ్యాహ్నం

ఫెయిల్.

మార్చి 17, సాయంత్రం

అఫ్లాటాక్సిన్ అట. బూజు వల్ల పుట్టే విషం, లివర్‌ని తినేస్తుందట. కంపెనీ అమ్మాయి శ్రీదివ్య ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పి సరుకు వద్దంది. మా కాయలో విషమా? పట్టాల మీద ఎండబెట్టాను. రంగు పోయిన తాలుకాయ ఒక్కటి కలవనివ్వలేదు. ఎక్కడైనా తడి తగిలిందా అని ఆ అమ్మాయి అడిగింది. లేదండీ అని గట్టిగా చెప్పాను.

మా ఆయన ఫిలిప్ పక్కనే ఉన్నాడు. బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లాగా అన్నాడు. ఎందుకు చల్లావయ్యా అంటే, ఎప్పుడూ చల్లేదేగా, చల్లకపోతే కాయ విరగదూ, విరిగిన కాయ యార్డులో ఎవడు కొంటాడే అన్నాడు.

పొడి కొట్టే కాయ విరక్కుండా నీళ్లు చల్లాడు. సాయం చేద్దామని ఖుర్షిదా కాయకి కూడా. ఆ తడి బస్తాలు కరెంటు కోసం మర దగ్గర రోజుల తరబడి మగ్గాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిట్టలేకపోయాను. నేనక్కడ ఉంటే నేనూ చెంబు పట్టుకునేదాన్నే.

మార్చి 18

ఖుర్షిదాకి చెప్పాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. అరుగు మీద కూలబడి, అయితే లిడియక్కా, ఇన్నేళ్లూ మనం యార్డుకి తోలింది ఎవరు తిన్నట్టు అని అడిగింది.

ఈ రోజు వరకు నాకా ఆలోచనే రాలేదు.

మార్చి 20

ఊళ్లో కబురు దాగుతుందా. యార్డు కమీషన్ ఏజెంట్ యలమందయ్య గారు వచ్చారు. ఆ రిపోర్టు చింపి పారెయ్యమ్మా, పొడి నాకియ్యి, మంచిదాంట్లో కలిపితే ఎవడికి తెలుస్తుంది అన్నారు, వక్కపొడి నములుతూ. ఆయనిచ్చేది కౌలుకి సరిపోతుంది. రేపు ఆటో పంపుతారట. ఇచ్చేద్దామే అన్నాడు ఫిలిప్. నీ ఇష్టమక్కా అంది ఖుర్షిదా. నేను వద్దనలేదు. సిగ్గుగా ఉంది.

మార్చి 21

ఆటో వాకిట్లో ఆగింది. మనం తినడానికి ఈ పొడిలోంచే ఓ కిలో తీసి పక్కన పెట్టమని ఫిలిప్‌తో అన్నాను. ఈసారి తప్ప ఏటా ఇంటి కాయ తీసిపెడతాం, నీళ్లు చల్లకముందే. ఎందుకలా తీస్తామో ఒక్కనాడూ అనుకోలేదు.

ఫిలిప్ సంచి విప్పాడు. ఇది మనమెలా తింటామే అంటూ మళ్లీ మూతి కట్టేశాడు.

ఆటో ఖాళీగా పోయింది. కౌలు పొలం పోయినట్టే. పొడి పాతెయ్యడానికి ఫిలిప్ పెరట్లో గొయ్యి తవ్వుతున్నాడు. ఖుర్షిదా ఇంకో పార తెచ్చింది.