బేసికి మందు, సరికి ఉప్పునీళ్ళు

1936 ఏప్రిల్ 14, ఏలూరు

కొల్లేటి లంకలో సూదులు వేసి ఇప్పుడే తిరిగొచ్చాం. పొడిచింది డాక్టరుగారు, పక్కన కూర్చుని రాసింది నర్సుని నేను. అయినా చెయ్యి నొప్పి నాకే. పొద్దున ఏడింటి నుంచి పేర్లు, నంబర్లు, పేర్లు, నంబర్లు...

కలరా ఆకివీడు దాకా వచ్చిందని కబురు. లంకకు ఇంకా రాలేదు. వచ్చేలోపు ఈ కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చాలని పైనుంచి ఆర్డరు. పిల్లలకీ, పెళ్ళి కాని కుర్రాళ్ళకీ ఈసారికి లేదన్నారు. అందుకని వరుసలో ఒకరు విడిచి ఒకరికి మందు. బేసి నంబరుకి మందు, సరి నంబరుకి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో చెప్పకూడదు. "ఇందులో మన ఇష్టమంటూ ఏమీ ఉండదు, రాహేలమ్మా. అదే దీని అందం" అన్నారు డాక్టరుగారు. నాకూ నచ్చింది. నచ్చిందని ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు కాదనకుండా.

వరుసలో కోటయ్య అనే ఆయన, వెనకాల వాళ్ళావిడ నాంచారి. కోటయ్య సీసాల వంక చూసి, "రెండు సీసాలేంటండి?" అన్నాడు. "రెండూ మందేనయ్యా. ఒకరు విడిచి ఒకరికి" అన్నారు డాక్టరుగారు.

"అదేంటండి? చేపల చోట్లకి మేం చీట్లు ఏసుకుంటామండి. తాటాకు ముక్కలు కుండలో ఏసి, కళ్ళు మూసుకుని తియ్యడవే. లేపోతే పెద్ద దోనె ఉన్నోడు మంచి చోటు పట్టుకుపోతాడండి."

"ఇది చేపల వేట కాదయ్యా, సైన్సు."

డాక్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 16

నాంచారి చేపల గంపతో ఏలూరు వచ్చింది. ఆస్పత్రి గేటు దగ్గర నన్ను ఆపింది. "మా ఆయనకి జరం కాసిందండి. చెయ్యి ఇంత వాచిపోయిందండి. నాకేం అవలేదేంటండి? నాకు సరిగ్గా పడలేదాండి?"

ఆవిడది సరి నంబరు. నీ ఒళ్ళు గట్టిదమ్మా, అన్నాను. ఎంత సులువుగా వచ్చింది నోటికి!

ఆవిడ మురిసిపోయి రెండు కొరమేనులు నా చేతిలో పెట్టింది. వండుకుని తిన్నాను కూడా.

ఏప్రిల్ 19, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే కబురు. లంకలో మొదటి కేసు.

ఏప్రిల్ 24

లంకకు వెళ్ళాను. ఎండలకు సరస్సు చిక్కిపోయింది. ఊరి పక్కన మిగిలింది మోకాలి లోతు బురద నీళ్ళు. మగవాళ్ళు ఊళ్ళో లేరు. దూరాన లోతు నీళ్ళలో దోనెల మీదే వారమేసి రోజులు ఉంటారు, అక్కడి నీళ్ళే తాగుతారు. ఊళ్ళో ఉన్నదంతా ఆడవాళ్ళు. వాంతులు ఎత్తేదీ వాళ్ళే, ఆ గుడ్డలు ఉతికేదీ వాళ్ళే. ఉతికిన చోటికి పది అడుగుల్లో బిందెలు ముంచేదీ వాళ్ళే. ఇంకెక్కడ ముంచుతారు? మంచినీళ్ళ చెరువు తవ్విస్తామని జిల్లా బోర్డు వాళ్ళు చెప్పి మూడు వేసవులు దాటాయి.

నాంచారి పక్కింటావిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దూరంగా ఉండమ్మా అన్నాను.

"సూది పడింది కదండీ. నాకేం భయం?"

నోరు తెరిచాను. ఆర్డరు గుర్తొచ్చింది. మూసుకున్నాను.

ఏప్రిల్ 27

నాంచారి పోయింది.

ఏప్రిల్ 28

నా మీద నాకే అసహ్యం. ఒక్క మాట... "నీకు పడింది ఉప్పునీళ్ళు" అని ఒక్క మాట. చెప్పి ఉంటే పక్కింటావిడను వదిలేసి పోయేదా? పోయేది కాదేమో. కానీ చేతులైనా కడుక్కునేది. నీళ్ళు కాచుకుని తాగేది. ఆ ఎంచుకునే వీలు లేకుండా చేసింది నేను.

మే 8

జబ్బు తగ్గుముఖం పట్టింది. రిపోర్టు మద్రాసు పంపాలి, రిజిస్టరు ఫెయిర్ కాపీ రాయమన్నారు. బేసి నంబర్లు ఎడమ పేజీలో, సరి నంబర్లు కుడి పేజీలో.

రాస్తున్నాను. కోటయ్య ఎడమ, నాంచారి కుడి. వెంకన్న ఎడమ, వెంకన్న భార్య కుడి. సుబ్బయ్య ఎడమ, సుబ్బయ్య భార్య కుడి.

మూడో పేజీ తిప్పాక కలం ఆగిపోయింది.

ఎడమ పేజీ నిండా మగవాళ్ళు. కుడి పేజీ నిండా ఆడవాళ్ళు.

ఆ లంకలో మొగుడి ముందు పెళ్ళాం నిలబడదు. రేవులో అయినా, జాతరలో అయినా అంతే. ఆయన ముందు, ఆవిడ వెనక. మందు మగవాళ్ళకి, ఉప్పునీళ్ళు ఆడవాళ్ళకి. ఆ రోజంతా వాళ్ళ మొహాలు చూస్తూ నా చేత్తో రాశానే! నంబరు చూశాను తప్ప మనిషిని చూడలేదు.

మే 9

డాక్టరుగారి ముందు రిజిస్టరు విప్పి పెట్టాను.

ఆయన రిపోర్టు అప్పటికే సిద్ధం. మందు పడ్డవాళ్ళు దాదాపు అందరూ క్షేమం, పడనివాళ్ళలో చావులు, కాబట్టి మందు దివ్యంగా పనిచేసింది. నేనన్నాను... మందు పడ్డవాళ్ళు ఊళ్ళోనే లేరండి. దోనెల మీద ఉన్నారు. పడనివాళ్ళు కలరా మధ్యలో కూర్చున్నారు.

"ఒకరు విడిచి ఒకరికి ఇచ్చాం. రూలు తప్పలేదు కదా?"

"తప్పలేదండి. వాళ్ళూ వాళ్ళ రూలు తప్పలేదు."

వరుస చివర విధవలు నిలబడ్డారు. వాళ్ళకి ముందు మొగుళ్ళు లేరు కాబట్టి అక్కడొక్కచోటే మందూ ఉప్పునీళ్ళూ ఆడవాళ్ళలోనే కలిసి పడ్డాయి. అక్కడ మందు పడ్డావిడ ఒకరు పోయారు, పడనావిడ ఒకరు పోయారు. చూపించాను. "ఇద్దరితో ఏం తేలుతుంది?" అన్నారు. నిజమే, తేలదు. మరి మిగతా రిజిస్టరు మొత్తంతో తేలిందేమిటి?

మందు పనిచేయదని నేను అనడం లేదు దేవుడా. పనిచేసిందో లేదో మనకి తెలియలేదు అంటున్నాను. ఈ రెండు మాటలకీ తేడా తెలియని మనిషి కాదు ఆయన. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

లేచి వస్తుంటే వెనక నుంచి, "ఇంత తెలిసినదానివి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

మే 13, తాడేపల్లిగూడెం

అన్నయ్య ఇంటికి వచ్చాను. స్టేషనులో గుమాస్తా కదా, అన్నీ తెలుసనుకుంటాడు. అంతా విని, "డాక్టరు రాసుకున్నది డాక్టరు చూసుకుంటాడు. నీకెందుకే?" అన్నాడు.

చచ్చిపోయినావిడ ఇచ్చిన చేపలు తిన్నాను, నాకు కాక ఇంకెవరికి? ఇలా అనలేదు. సాయంత్రం బండికే తిరిగొచ్చేశాను.

మే 18

రిజిస్టరు ఆఖరి పేజీలో ఒక వాక్యం టైపు చేయించి పెట్టారు. ఏ ఎంపికా లేకుండా, వరుస ప్రకారం ఇవ్వబడినది అని. కింద ఆయన సంతకం. పక్కన నా సంతకానికి చోటు. రాసింది నేను గనక నేను పెట్టాలట.

ఇంకో మాట కూడా మెల్లగా చెప్పారు. బోర్డు వాళ్ళు రిపోర్టు సంగతి విన్నారట. సూది ఇంత బాగా పనిచేస్తుంటే లంకకు మంచినీళ్ళ చెరువెందుకని ఫైలు పక్కన పెట్టబోతున్నారట. శుక్రవారం మీటింగు.

అదీ సంగతి! ఆ నీళ్ళ వల్ల పోయిన ఆడవాళ్ళ చావులే, మిగిలిన ఆడవాళ్ళకి నీళ్ళు రాకుండా సాక్ష్యం చెబుతాయి. నా దస్తూరీతో.

మళ్ళీ చేద్దామండీ అని అడిగాను. ఈసారి కోటయ్య చెప్పినట్టు కుండలో చీట్లు వేద్దాం, మొగుడైనా పెళ్ళామైనా ఎవరి చీటీ వాళ్ళదే. ఏ సీసాలో ఏముందో వాళ్ళకి ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళకే వేద్దాం. నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

మే 19

సంతకం పెట్టలేదు. రెండుసార్లు ప్యూనును పంపారు. తలనొప్పి అని చెప్పించాను. పిరికిదాన్ని.

మే 21

సెలవు చీటీ ఇచ్చి లంకకు వెళ్ళాను. రిజిస్టరు సంచిలో పెట్టుకుని. దొంగతనమనుకుంటే అనుకోనీ.

కోటయ్య వల బాగు చేసుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. రెండు సీసాలు, బేసి, సరి, ఎడమ పేజీ, కుడి పేజీ. నాంచారి గేటు దగ్గర అడిగిన మాట, నేను చెప్పిన అబద్ధం. అదీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

వల పక్కన పెట్టాడు. తన ఎడమ చేతి మీద సూది పడ్డ చోటు తడుముకున్నాడు.

"అయితే నర్సమ్మగారూ... ఆ రోజు అది ముందు, నేను ఎనకాల నిలబడుంటే... అది బతికేదాండి?"

రిజిస్టరు నా ఒళ్ళోనే ఉంది. అన్ని పేర్లు, అన్ని నంబర్లు, తప్పు లేకుండా రాసినవి. అందులో ఆయన అడిగినదానికి జవాబు లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

"తెలీదు కోటయ్యా" అన్నాను.

"తెలుసుకోడానికే కదండీ పొడిచింది?"

రేపు శుక్రవారం, బోర్డు మీటింగు. రిజిస్టరు నా దగ్గరే ఉంది, నా సంతకం చోటు ఖాళీగానే ఉంది.