మొదటి స్టిక్కర్

లతా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. మన కోరుట్ల పదో తరగతి వాట్సాప్ గ్రూపులో పొద్దున షబానా బీడీలు చుడుతున్న ఫోటోను స్టిక్కర్ చేసి, "బీడీ మేడం" అని పెట్టారు. అందరూ నవ్వారు, అప్పుడు నిన్ను చూసి నవ్వినట్టే.

"తీసేయుండ్రి, పాపం" అని రాశాను.

"లత మీద మొదటి స్టిక్కర్ చేసింది నువ్వే గదా?" అని గ్రూపులోనే రాశాడు శ్రీను.

నిజమే లతా. నీకు చెప్పలేకపోయాను.

షబానా గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. నీ స్టిక్కర్ పెట్టిన రాత్రి నువ్వూ ఎత్తలేదు. రేపు మాట్లాడొచ్చులే అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇది షబానా ఉండే రాయికల్‌కు పోయే బస్సులో కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్య ఆపి మళ్లీ ఫోన్ చేస్తున్నాను. మోగుతూనే ఉంది.