ఇరవై ఏడో స్థలంలో కూర్చున్నది రాజారావు కాదు

శ్రీయుత ఆదివారపు సంత అనుమతుల అధికారి గారి సముఖమునకు,
పారమట్టా, సిడ్నీ.

క్వేకర్స్ హిల్‌లో నివాసముంటున్న షేక్ మహబూబ్ పాషా (వయసు 33 సంవత్సరాలు, స్వస్థలం కర్నూలు జిల్లా ఆదోని) వ్రాసుకున్న అర్జీ. తేదీ: 14 జనవరి 2001.

అయ్యా,

విషయం: కోరిన పేర్లు, బొమ్మలు అచ్చువేసి ఇచ్చే టీషర్టుల దుకాణం, ఇరవై ఏడో నెంబరు స్థలం అనుమతిని రాజారావు పేరు నుంచి నా పేరుకు మార్చుట, మరియు అబద్ధమొకటి ఒప్పుకొనుట గురించి.

సూచిక: సంతకం చేసి తిప్పి పంపవలసిందిగా తమరు రాజారావు పేర పంపిన 2001 సంవత్సరపు రెన్యూవల్ కాగితం.

పై కాగితం మీద సంతకం చేయడానికి నాకు చేతులు రావడం లేదు. కారణాలు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. నేనూ, బొబ్బిలి వాస్తవ్యుడైన రాజారావూ 1998లో శాశ్వత నివాస వీసాల మీద ఈ దేశం వచ్చాము. ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెలుగా ఉన్న చోటల్లా నాలుగంకెలు చేయడం మా ఉద్యోగం. పదహారు నెలలు అదే పని. 2000 జనవరి ఒకటో తేదీన ఏ యంత్రమూ ఆగలేదు, ఏ లెక్కా తప్పలేదు. ఏమీ జరగకుండా చూడడానికి మమ్మల్ని పెట్టుకున్నారు. ఏమీ జరగలేదు గనుక నెలాఖరుకు ఇక రానక్కరలేదన్నారు.

2. ఆ తరువాత పారమట్టాలో ఇంటర్వ్యూలకు తిరిగాము. మా చేతిలో ఉన్న విద్య ఎవరికీ అక్కరలేదు. రాజారావు బొమ్మలు బాగా వేస్తాడు. “ఎవుడికి కావలసిన పేరు ఆడికి టీషర్టు మీదేసి ఇచ్చేద్దాం. ఊరికే కూకోడం కంటే నయం కాదేటి?” అన్నాడు. కంప్యూటర్‌లో బొమ్మ తయారుచేసి, ప్రత్యేకమైన కాగితం మీద అచ్చుతీసి, ఇస్త్రీపెట్టె వంటి వేడి ప్రెస్సు కింద పెట్టి బట్టకు అంటించడమే పని. బొమ్మలు అతనివి, ప్రెస్సు నాది, సంతలో ఇరవై ఏడో స్థలం అనుమతి అతని పేరున. మొదటగా “2000ను కాపాడింది నేనే” అని ఇంగ్లీషులో వేసి అరవై టీషర్టులు తయారుచేశాము. ఒక్కటీ పోలేదు. ఇప్పటికీ రాత్రి పడుకునేటప్పుడు నేను వేసుకునేవి అవే.

3. పేర్లు మాత్రం పోయాయి. మనుషులకు తమ పేరంటే ఇంత ఇష్టమని నాకు అంతకుముందు తెలియదు. తాపీపని చేసే ఒకాయన, చనిపోయిన తన కుక్క పేరు గుండె మీద వేయించుకుని, అక్కడే తొడుక్కుని వెళ్ళాడు. పక్కన ఇరవై ఎనిమిదో స్థలంలో తేనె అమ్మే డోరీన్ అనే పెద్దావిడ అది చూసి, ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఫ్లాస్కులో టీ తెచ్చేది. ఇక్కడి పెద్దవాళ్ళ అలవాటు ప్రకారం మమ్మల్నిద్దరినీ ముద్దుగా “లవ్” అనే పిలిచేది. ఎవరి పేరేమిటో ఆవిడ అడగనూలేదు, మేము చెప్పనూలేదు.

4. ఆగస్టులో రాజారావుకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. రెండు రోజుల్లో చేరమన్నారు. తన పాత కారు నాకిచ్చి, “సెట్టవ్వకపోతే రెండు వారాల్లో వచ్చేస్తాన్లే” అని బస్సెక్కాడు. అతనికి సెట్టయింది.

5. 20 ఆగస్టు 2000, ఆదివారం. నేను ఒక్కడినే ప్రెస్సు దింపుతున్నాను. తమరు చేతిలో అట్ట పట్టుకుని వచ్చి, “రాజారావు అంటే మీరేనా?” అని అడిగారు. అనుమతి ఎవరి పేరున ఉంటే వారే కూర్చోవాలనీ, లేకుంటే రద్దనీ అనుమతి కాగితం వెనుక రాసి ఉంది. పేరు మార్చడానికి ఆరు వారాలు పడుతుంది. సిడ్నీకి జనం వచ్చిపడే ఒలింపిక్స్‌కు నాలుగు వారాలు కూడా లేవు.

అవును అన్నాను.

తమరు టిక్కు పెట్టి, “గుడ్ ఆన్ యూ, రాజ్” అని మెచ్చుకుని భుజం తట్టారు. అయ్యా, ఆ చేతి బరువు నాకు ఇంకా గుర్తుంది. నన్ను ఒక మనిషి తాకి అప్పటికి చాలా రోజులయింది.

6. పక్కనే నిలబడిన డోరీన్ కూడా ఆ పేరు విన్నది. ఆ రోజు నుంచి ఆవిడకూ, కూరగాయల వాళ్ళకూ, గేటు దగ్గర మనిషికీ నేను రాజ్. ఇంట్లో పిలిచేవాళ్ళు లేరు. తెలుగువాళ్ళు కలుసుకునే చోటికి వెళ్దామంటే, కుర్చీలో కూర్చోకముందే “ఎక్కడ చేస్తున్నారండీ?” అని అడుగుతారు. ఒకసారి చెప్పాను. ఆ అడిగినాయన పాపం, నాకంటే ఎక్కువ ఇబ్బంది పడి, పులిహోర తెచ్చుకుంటానని లేచాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఆ విధంగా ఆదివారం సంతలో వందమంది పేర్లు అచ్చువేసేవాడిని, నా పేరు మాత్రం ఎవరి నోటా వినకుండా నాలుగు నెలలు గడిపాను. ఈ సంగతి అర్జీలో రాయదగినది కాదని తెలుసు. కొట్టివేద్దామని చూశాను గాని కొట్టివేయలేకపోయాను.

7. నవంబరు ఆఖరున రంజాను నెల మొదలైంది. నేను ఉపవాసాలు ఉంటాను. డోరీన్ ఎప్పటిలా టీ పోసి ఇవ్వబోతే, కడుపు బాగాలేదన్నాను. తరువాతి వారం ఇంట్లో తాగి వచ్చానన్నాను. ఉపవాసమని చెబితే, రాజారావు అనే పేరుగలవాడు రంజాను ఉపవాసం ఎందుకున్నాడో చెప్పాలి. ఒక అబద్ధానికి కాపలాగా ఎన్ని అబద్ధాలు నిలబెట్టానో లెక్క లేదు. ఆ నెలంతా సూర్యుడు దిగాక ఖర్జూరపు పండు నోట్లో వేసుకుని, పంపు దగ్గర నిలబడి నీళ్ళు తాగేవాడిని. ఆదోనిలో ఆ వేళకు వీధి వీధంతా, అందరూ కలిసి తినడానికి పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ అవుతుంది.

8. డిసెంబరు 17వ తేదీన ఎండ చాలా ఎక్కువగా ఉంది. దానికి తోడు వేడి ప్రెస్సు. ఒంటిగంటకు ఒకావిడ మనవరాలి పేరు అంటిస్తూ పడిపోయాను. అంబులెన్సు వాళ్ళు పేరు అడిగితే డోరీన్ తనకు తెలిసిన పేరు చెప్పింది. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. చేతికి కట్టిన పట్టీ మీద రాజారావు అని ఉంది.

నా పేరు మహబూబ్ పాషా అని నర్సుతో చెప్పాను. ఆవిడ మెల్లగా, “సరే. ఇప్పుడు ఏ సంవత్సరమో చెప్పగలరా?” అని అడిగింది. పదహారు నెలల అలవాటు, నా నోట్లోంచి “రెండంకెల్లోనా, నాలుగంకెల్లోనా?” అని వచ్చింది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని డాక్టరును పిలిచింది. మర్నాడు ఇంటి నుంచి నా పాస్‌పోర్టు తెప్పించేదాకా నాకు మతి కుదురుగా లేదనే అనుకున్నారు.

9. పాస్‌పోర్టు తెచ్చింది డోరీనే. తాళంచెవి ఇచ్చి పంపాను. తెచ్చి, తెరిచి, ఫోటో చూసి, పేరు చూసింది. జరిగింది, ఉపవాసాల సంగతితో సహా చెప్పాను. ఆవిడ మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

“అయితే నాలుగు నెలలుగా నేను ఎవడి పేరుతోనో నిన్ను పిలుస్తున్నాను. నువ్వు పలుకుతున్నావు.”

“అవును.”

“నేను టీ ఇస్తే కడుపునొప్పి అన్నావు.”

“అవును.”

“నేనేమైనా నిన్ను కొరుకుతానా, లవ్?”

ఆవిడ పాస్‌పోర్టు దుప్పటి మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వార్డులోని ఫోనులో రాజారావుకు చెప్పాను. “పొరపాటు అయిపోయిందప్పా, నీ పేరు వాడుకున్యా” అన్నాను. “నా పేరు పోతే పోయింది గానీ, ఇన్నాళ్ళూ ఇలా ఉన్నానని ఒక్క ఫోన్ కొట్టలేకపోయావేట్రా?” అన్నాడు. స్థలం నాకు ఇచ్చివేయుటకు అభ్యంతరం లేదని అతడు సంతకం చేసి పంపిన ఉత్తరం దీనికి జతపరిచాను.

10. డిసెంబరు 24న దుకాణం తెరవలేదు. ఆదివారం నాడు మరెక్కడికి పోవాలో తెలియక సంతకే వెళ్ళి, ఖాళీ స్థలంలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డోరీన్ నాతో మాట్లాడలేదు. నాలుగింటికి సంత ముగిసింది. తేనె సీసాలు వ్యానులో సర్దుకుని, నా ముందు నిలబడి, “ఎన్నింటికి తినొచ్చు నువ్వు?” అంది.

“ఎనిమిది దాటాలి.”

ఆవిడ తన కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకుంది. కార్లన్నీ వెళ్ళిపోయాయి. నాలుగు గంటలు ఇద్దరం ఆ ఖాళీ మైదానంలో కూర్చున్నాము. ఆవిడ తన భర్త గురించి చెప్పింది. పోయి తొమ్మిదేళ్ళయిందట, ఆయన పేరు ఎవరితోనూ అనక చాలాకాలమయిందట. ఎనిమిది దాటి పది నిమిషాలకు ఫ్లాస్కు మూత తీసి టీ పోసింది. “మబూ” అంది. “మహ్” అంది. మూడోసారి మహబూబ్ అని సరిగానే అంది. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

వెళ్ళేముందు ఇట్లా చెప్పింది: “నీ కోసం నేను అబద్ధం ఆడను. నీ మీద చాడీ కూడా చెప్పను. ఆ అట్ట పట్టుకు తిరిగే ఆయనకు నువ్వే రాసుకో.”

అందుకే ఈ అర్జీ.

11. కాబట్టి నా ప్రార్థన: రాజారావు పేరున ఉన్న అనుమతి రద్దుచేసి, వీలుంటే ఆ స్థలం నాకు ఇప్పించవలెను. జరిమానా ఉంటే నా పేరున రాయవలెను, అతని పేరున కాదు. స్థలం ఇవ్వడం కుదరదంటే తమ తీర్పుకు తలవంచుతాను. అప్పుడు కూడా ఒక్క ఉపకారం కోరుతున్నాను. ఆగస్టు 20 మొదలు డిసెంబరు 17 వరకు పద్దెనిమిది ఆదివారాలు ఇరవై ఏడో స్థలంలో కూర్చున్నవాడు షేక్ మహబూబ్ పాషా అని తమ రిజిస్టరులో దిద్దించవలెను. ఆ ఆదివారాలు నావి. ఈ దేశంలో నేను ఉన్నాననడానికి నా దగ్గర వేరే దాఖలా లేదు.

తప్పు చేసినవాడి మాటలని తీసివేయక, నిదానంగా చిత్తగించవలెనని వేడుకొంటూ,

తమ విధేయుడు,
షేక్ మహబూబ్ పాషా

కింద మరొక్క మాట. ఇది అధికారి గారికి కాదు. వారు పంపిన కాగితం చివర, ఎవరి భాషలో వారు రాయవచ్చును, మేము అనువాదం చేయించుకుంటాము అని పదిహేను భాషల్లో ఉంది. అందులో తెలుగు లేదు. అయినా ఇంగ్లీషులో ఇదంతా చెప్పడం నాకు చేతకాక తెలుగులోనే రాశాను. మీరిది చదువుతున్నారంటే, ఆ ఆఫీసువాళ్ళు ఎక్కడో వెతికి మిమ్మల్ని పట్టుకున్నారన్నమాట. ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషు చేయనక్కరలేదండీ. నేను తెలుగు రాసి చాలా కాలమయింది, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మీరు ఎవరో, ఏ పని మీద ఈ ఊరు వచ్చారో నాకు తెలియదు. ఒక్కటి అడగాలని ఉంది. జవాబు రాసినా రాయకపోయినా సరే.

మీది ఏ ఊరండీ?